తండ్రి భుజాలే తొలి వేదిక
తరంగాల సూరయ్య ఇచ్చిన పాటే ఘంటసాలకు ఆస్తి

కందకుర్తి (రెంజల్ మండలం): గోదావరి, మంజీర, హరిద్ర నదులు కలిసే కందకుర్తి తీరానికి పాటతో విడదీయరాని బంధముంది. ఒడ్డుకు ఈవల తెలుగు భజన, ఆవల మరాఠీ అభంగం. బోధన్ చెరకు సీమలోని పల్లెల్లో ఏకాదశి రాత్రులలోనూ, సప్తాహాల వేళలోనూ మద్దెల మోగితే ఇంటిల్లిపాదీ గుడి ముందుకు చేరడం పెద్దలకు తెలిసిన ఆచారమే. తండ్రి భుజాల మీద కూర్చుని, ముంచుకొచ్చే నిద్రను ఆపుకుంటూ, పెద్దవాళ్ళతో సమానంగా చప్పట్లు చరిచే పసివాడు ఏ భజన గుంపులోనైనా ఒకడుంటాడు.

ఆ పసివాణ్ణి సంగీత విద్యార్థి అని ఎవరూ అనరు. వాడి చేతిలో పుస్తకం లేదు, ఎదుట గురుపీఠం లేదు, సరళీ స్వరాలు లేవు. వాడికి తాళం అందించిన తండ్రికి సైతం తాను విద్య నేర్పుతున్నానన్న ధ్యాస ఉండదు. అయినా ఆ రాత్రి వాడి ఒంట్లోకి దిగిన లయ జీవితాంతం పోదు. తెల్లవారుజామున పల్లె గుడి మైకుల్లో భగవద్గీతగా వినిపించే కంఠం కూడా ఒకనాడు అలా తండ్రి భుజాల మీదనే తొలి పాఠం విన్నది. అమర గాయకుడు ఘంటసాల వెంకటేశ్వరరావు జీవితంలో సినిమా కీర్తి అందరికీ తెలిసినదే. ఆ కీర్తికి పునాది వేసి, దానిని చూడకుండానే వెళ్ళిపోయిన తండ్రి సూరయ్య గురించి తెలిసినవారు తక్కువ.

కచేరీ కాని సంగీతం

ఘంటసాల వెంకటేశ్వరరావు 1922 డిసెంబర్ 4న కృష్ణా జిల్లా గుడివాడ సమీపంలోని చౌటపల్లి గ్రామంలో జన్మించారు. తల్లి రత్తమ్మ. తండ్రి సూరయ్య మృదంగం వాయిస్తూ నారాయణ తీర్థుల తరంగాలు పాడేవారు. ఆ కుటుంబానికి చెప్పుకోదగ్గ సంపద లేదు. ఉన్నదల్లా పాట.

తరంగం అన్న మాటకు ఇక్కడ కొంత వివరణ అవసరం. నారాయణ తీర్థులు సంస్కృతంలో రచించిన శ్రీకృష్ణలీలా తరంగిణిలోని గీతాలనే తరంగాలంటారు. కృష్ణుని పుట్టుక మొదలు రుక్మిణీ కల్యాణం వరకు సాగే కథ అది. కూచిపూడి కళాకారులు ఇత్తడి పళ్ళెం అంచుల మీద నిలబడి అడుగులు వేసే ఘట్టానికి తరంగమన్న పేరే స్థిరపడింది. భజన గోష్ఠులలో మాత్రం తరంగానికి పళ్ళెమూ అక్కరలేదు, వేదికా అక్కరలేదు. పాడేవాడే ఆడతాడు. చుట్టూ చేరినవారు అందుకుంటారు. మృదంగం మీద దెబ్బ, కాలి కింద అడుగు, నోట మాట మూడూ ఒక్కటిగా నడుస్తాయి.

ఆనాటి పెద్దమనుషుల లెక్కలో సంగీతమంటే కచేరీ. విద్వాంసుడు వేదికపై కూర్చుని వర్ణంతో మొదలుపెట్టి రాగం, తానం, పల్లవి నడిపితే శ్రోతలు తలలూపుతూ వింటారు. మరోవైపు నాటక రంగస్థలం ఉంది. అక్కడ నటుడు పద్యం అందుకుని, చివర రాగాన్ని దీర్ఘంగా సాగదీస్తే ఈలలు, వన్స్‌మోర్లు. సూరయ్య పాట ఈ రెండింటికీ చెందదు. అది లేచి ఆడుతూ, అందరిచేతా పాడించే సంగీతం. టిక్కెట్టు లేని ఆ సంగీతానికి పేరు ప్రతిష్ఠలు కూడా అంతంత మాత్రమే.

ఆ సంగీతాన్నే సూరయ్య తన కుమారునికి పంచారు. ఎక్కడ భజన జరిగినా బిడ్డను భుజాలకెత్తుకుని తీసుకుపోయేవారు. తండ్రి అడుగు వేస్తే ఆ ఊపు బిడ్డ ఒంటికి తగులుతుంది. తండ్రి గొంతెత్తితే ఆ కంపనం బిడ్డకు ముందు చేరుతుంది, చెవికి తరువాత చేరుతుంది. అక్షరాలు దిద్దకముందే లయ అబ్బడమంటే ఇదే. కొంత ఎదిగాక ఆ బాలుడు భుజం దిగి తరంగాలకు తానే నాట్యం చేయడం మొదలుపెట్టాడు. చూసినవారు ముగ్ధులై బాల భరతుడని పిలుచుకున్నారు. నలుగురిలో పాడాలంటే బెదురు లేకపోవడం, పాటలోని మాట ఎదుటివారికి చేరుతున్నదా లేదా అని కళ్ళతో కనిపెట్టడం ఆ వయసులోనే అలవడిన గుణాలు. ఏ సంగీత పాఠశాలా వీటిని పాఠంగా చెప్పదు.

చివరి కోరిక

ఈ అనుబంధం ఎక్కువ కాలం నిలవలేదు. ఘంటసాలకు పదకొండో ఏట సూరయ్య కన్నుమూశారు. చివరి రోజుల్లో ఆయన కుమారుణ్ణి దగ్గరకు పిలిచి సంగీతం ఎంత గొప్పదో వివరించారు. నువ్వు పెద్ద విద్వాంసుడివి కావాలన్న కోరికను ఆ పసివాడికి అప్పగించారు. కొడుకుకు భూమి పుట్రా రాసివ్వవలసిన సమయంలో ఆయన ఇచ్చినది ఒక బాధ్యత.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. తాను జీవితమంతా పాడినది భజన. కుమారుణ్ణి కమ్మన్నది విద్వాంసుణ్ణి. తనకు వచ్చిన పాట బిడ్డకు ఆరంభం మాత్రమే కావాలని, అక్కడితో ఆగిపోరాదని ఆ తండ్రి భావించారు. తన దారిలోనే నడవమని బిడ్డలను శాసించే తండ్రులు ఎందరో ఉంటారు. తన దారి చివరకు తీసుకువచ్చి, ఇక్కడి నుంచి ముందుకు వెళ్ళమని చెప్పేవారు అరుదు.

ఇంటి పెద్ద పోవడంతో కుటుంబం చితికిపోయింది. మేనమామ ర్యాలి పిచ్చయ్య ఆ కుటుంబ భారాన్ని మోశారు. బాలుడు మాత్రం తండ్రి మాటను మరువలేదు. సంగీతం తెలిసినవారి ఇళ్ళలో ఉండి చాకిరీ చేస్తే విద్య చెబుతారన్న ఆశతో రెండేళ్ళు గడిపాడు. ఒక ఇంట బట్టలు ఉతికాడు. మరో ఇంట వంట నేర్చుకున్నాడు. పని దొరికింది గాని, పాట దొరకలేదు. ఒక సభలో పెద్ద విద్వాంసులతో పోటీకి దిగి ఓడిపోతే నలుగురూ నవ్వారు. తండ్రి భుజాల మీద ఉన్నప్పుడు మెచ్చుకున్న లోకమే నేల మీద నిలబడేసరికి హేళన చేసింది. భజనలో అబ్బిన లయ ఒక్కటే చాలదని, శాస్త్రం నేర్వక తప్పదని ఆ అవమానం అతనికి నేర్పింది.

జోలె పట్టి చదువు

చేతి ఉంగరం అమ్మి, ఆ డబ్బుతో ఘంటసాల విజయనగరం చేరారు. 1919లో ఏర్పడిన అక్కడి మహారాజా సంగీత కళాశాల ఆనాడు తెలుగునాట సంగీత విద్యకు పెద్ద దిక్కు. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు దానికి తొలి అధ్యక్షులు. తరువాత వాయులీన విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడు ఆ బాధ్యత స్వీకరించారు. ఘంటసాల వెళ్ళేసరికి వేసవి సెలవులతో కళాశాల మూసి ఉంది. ద్వారం వారి అనుమతితో ఆ ఆవరణలోనే తలదాచుకున్నారు. తోటి విద్యార్థులు చేసిన తప్పు తన మీద పడటంతో ఆ నీడ కూడా దూరమైంది. ఊళ్ళోని ఒక గుడి ఆశ్రయమిచ్చింది.

అప్పుడు ఆదుకున్న మహనీయుడు పట్రాయని సీతారామశాస్త్రి. సాలూరు చిన గురువుగా పేరొందిన శాస్త్రి గారు తాను కూడా పేదవారే. ఇంట్లో చోటివ్వగలిగారు, విద్య ఇవ్వగలిగారు గాని రెండు పూటలా అన్నం పెట్టే స్తోమత ఆయనకు లేదు. అందువల్ల శిష్యుడు భుజాన జోలె వేసుకుని వీధి వీధి తిరిగి మాధుకరం తెచ్చుకున్నాడు. దొరికినది ఒక పూట తిని, మిగిలినది మరో పూటకు దాచుకునేవాడు. ఉతికి ఆరవేసిన జోలె గుడ్డకు చీమలు పట్టేవంటే ఆ చదువు ఎంత కటికదో అర్థమవుతుంది. నాలుగేళ్ళ చదువును రెండేళ్ళలోనే ముగించారు.

సూరయ్య ఇచ్చిన లయకు సీతారామశాస్త్రి శాస్త్రాన్ని తోడు చేశారు. మొదటిది ప్రేమతో వచ్చింది, రెండవది ఆకలితో వచ్చింది. శాస్త్రి గారి కుమారుడు పట్రాయని సంగీతరావు తరువాతి కాలంలో మద్రాసులో ఘంటసాల వద్ద హార్మోనియం వాద్యకులుగా, సంగీత సహాయకులుగా దీర్ఘకాలం పనిచేశారు. గురువు ఇంట మొదలైన బంధం ఆ విధంగా మరో తరానికి సాగింది.

జైలు గోడల నుంచి మద్రాసు వరకు

చదువు ముగించుకుని సొంత ఊరు చేరిన ఘంటసాల పెళ్ళిళ్ళలో, ఉత్సవాలలో కచేరీలు చేస్తూ, పిల్లలకు పాఠాలు చెబుతూ కాలం గడిపారు. 1942లో క్విట్ ఇండియా ఉద్యమంలోకి దూకి, బళ్ళారిలోని అలీపురం జైలులో శిక్ష అనుభవించారు. విడుదలయ్యాక 1944లో సావిత్రితో వివాహం జరిగింది. అత్తవారి ఊరు పెదపులివర్రు. సినీ రచయిత సముద్రాల రాఘవాచార్య స్వగ్రామం కూడా అదే. ఈ పరిచయం ఆయనను మద్రాసుకు నడిపించింది.

మద్రాసు సులభంగా చేరదీయలేదు. పగలు అవకాశాల కోసం తిరుగుతూ, రాత్రి పానగల్ పార్కులో పడుకున్న రోజులున్నాయి. సీతారామ జననం చిత్రంలో బృందగానంతో పాటు చిన్న వేషం దక్కింది. ఆకాశవాణి మద్రాసు కేంద్రంలో పాడే వీలు కలిగింది. 1945లో విడుదలైన స్వర్గసీమలో భానుమతితో కలిసి నేపథ్య గానం చేశారు. 1948లో బాలరాజు విజయంతో ఆ పేరు ఊరూరా పాకింది. 1949లో కీలుగుర్రం, మనదేశం చిత్రాలకు సంగీతం అందించారు. ఎన్.టి.రామారావు తెరకు పరిచయమైనది మనదేశంతోనే. 1951లో పాతాళ భైరవి, 1957లో మాయాబజార్, 1963లో లవకుశ ఆయన సంగీతంతో ఇంటింటా నిలిచాయి. 1951 నాటి మల్లీశ్వరి, 1953 నాటి దేవదాసు వంటివి ఇతరుల సంగీత దర్శకత్వంలో ఆ కంఠానికి దక్కిన గౌరవాలు. ఎన్.టి.రామారావు, అక్కినేని నాగేశ్వరరావు ఇద్దరికీ ఆయనే గొంతు అయ్యారు. ఎవరికి పాడితే వారే పాడుతున్నట్టుండేది.

పద్యానికి కొత్త నడక

ఘంటసాల తెలుగువారికి చేసిన మేళ్ళలో పద్య గానం ముఖ్యమైనది. అందులోనే తండ్రి నేర్పిన పాఠం స్పష్టంగా కనిపిస్తుంది. రంగస్థలం మీద పద్యం రాగానికి వాహనంగా ఉండేది. నటుడు ఒక్కొక్క పాదాన్ని సాగదీస్తూ పోతే భావం వెనుకబడేది. ఘంటసాల ఈ వరుస మార్చారు. అర్థం ఎక్కడ విరగాలో అక్కడ పదాన్ని విరిచారు. రాగాన్ని అవసరమైనంత వరకే వాడారు. ఆలాపన అదుపులో ఉంటుంది, ఉచ్చారణలో ప్రతి అక్షరమూ పూసలా విడిగా వినిపిస్తుంది. చదువురాని రైతు సైతం పద్యంలో ఏం చెబుతున్నారో ఇట్టే గ్రహించగలిగాడు.

మైకు వచ్చాక గొంతు చించుకోవలసిన అవసరం తగ్గడం, గ్రామఫోను రికార్డు కొద్ది నిమిషాలలోనే ముగియడం ఈ మార్పుకు తోడ్పడ్డాయి. అయితే అవి అందరు గాయకులకూ ఉన్నవే. మాట ముందు, రాగం వెనుక అన్న తీర్పు మాత్రం భజన నుంచి వచ్చినది. భజనలో ముందు పాడేవాడి మాట అర్థం కాకపోతే వెనుక పాడేవారు అందుకోలేరు. గుంపు ఆగిపోతుంది. సూరయ్య భుజాల మీద కూర్చున్న పిల్లవాడు ఈ సత్యాన్ని ఎవరూ చెప్పకుండానే గ్రహించి ఉంటాడు. కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రి రచించిన పుష్పవిలాపం పద్యాలను ఆయన రికార్డుగా పాడితే, పుస్తకం తెరవనివారికి కూడా ఆ కావ్యం కంఠస్థమైంది. కవిత్వం పండితుల ఇళ్ళ నుంచి టీ కొట్ల వరకు నడిచివచ్చింది.

తండ్రి ఆడిన తరంగానికి దగ్గరి బంధువైన యక్షగానం కూడా ఆయన సంగీతంలోకి ప్రవేశించింది. 1967లో వచ్చిన రహస్యం చిత్రంలో మల్లాది రామకృష్ణశాస్త్రి రచించిన గిరిజా కల్యాణం యక్షగానానికి ఘంటసాల స్వరరచన చేశారు. ఆ చిత్ర దర్శకులు వేదాంతం రాఘవయ్య కూచిపూడి కళాకారులు. చిత్రం ఆర్థికంగా నిలదొక్కుకోకపోయినా ఆ యక్షగానం నేటికీ నిలిచి ఉంది. కృష్ణా తీరపు పల్లెల్లో అడుగులతో, మృదంగంతో నడిచిన సంప్రదాయాన్ని సినిమా తెర మీద మర్యాద చెడకుండా నిలబెట్టిన సందర్భమది. సూరయ్య బతికి ఉంటే ఆ ఘట్టం ఆయనకు పరాయిదిగా తోచేది కాదు.

గీతతో ముగిసిన గానం

1970లో భారత ప్రభుత్వం ఘంటసాలను పద్మశ్రీతో సత్కరించింది. 1971లో ఇంగ్లండ్, జర్మనీ, అమెరికా దేశాలలో పర్యటించి అక్కడి తెలుగువారికి పాట వినిపించారు. అప్పటికే ఆరోగ్యం దెబ్బతిన్నది. మధుమేహం, గుండె జబ్బు పీడించాయి. ఆ చివరి ఏళ్ళలోనే భగవద్గీత పాడారు. శ్లోకం సంస్కృతంలో, తాత్పర్యం తెలుగులో చెబుతూ, ఒక పెద్దమనిషి ఇంటి అరుగు మీద కూర్చుని చదివి వినిపించినట్టు సాగే ఆ గానంలో విద్వత్తు ప్రదర్శన మచ్చుకైనా కనిపించదు.

ఇందులో ఒక చక్కని పోలిక ఉంది. సూరయ్య పాడిన తరంగాలు సంస్కృతం. వినేవారు పల్లెటూరివారు. భాష తెలియకపోయినా ఆట, లయ, పిలుపు ద్వారా భావం వారికి అందేది. కుమారుడు చివరగా పాడినదీ సంస్కృతమే. వినేవారూ వారే. కృష్ణుని లీలలతో తండ్రి మొదలుపెట్టిన పాఠం కృష్ణుని బోధతో కుమారుని కంఠంలో ముగిసింది. 1974 ఫిబ్రవరి 11న మద్రాసులో ఘంటసాల కన్నుమూశారు. అప్పటికి ఆయన వయస్సు 51 సంవత్సరాలు.

విజయవాడలోని ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల ఆయన పేరు ధరించింది. 2003లో తపాలా శాఖ స్మారక బిళ్ళ విడుదల చేసింది. 2022లో శత జయంతి జరిగింది. ఘంటసాల కుమారుడు రత్నకుమార్ డబ్బింగ్ కళాకారునిగా పేరు తెచ్చుకుని 2021లో కన్నుమూశారు. సూరయ్య మృదంగంతో మొదలైన ఆ ఇంటి గొంతు మూడు తరాలపాటు జనానికి వినిపించింది.

భుజం మీది పసివానికి ఏమివ్వాలి?

నేడు పిల్లలకు సంగీతం నేర్పించాలనుకునే తల్లిదండ్రులు ముందుగా వెతికేది మంచి మాస్టారిని, పోటీలను, ధ్రువపత్రాలను. వాటి విలువ కాదనలేనిది. విద్వాంసుడు కావాలంటే విజయనగరం వెళ్ళక తప్పదని ఘంటసాల జీవితమే చెబుతున్నది. అయితే విజయనగరం వరకు ఆ బాలుణ్ణి నడిపించినది, జోలె పట్టినా సిగ్గుపడనివ్వనిది చిన్ననాట తండ్రితో పంచుకున్న ఆనందం. ఆ ఆనందం లేకుండా శాస్త్రం ఒక్కటే ఉంటే, తొలి ఆకలికే అతను ఇల్లు చేరి ఉండేవాడు.

తమకు వచ్చిన పాట చిన్నదని, పల్లెటూరిదని, నలుగురిలో పేరు లేనిదని మన ప్రాంతంలో ఎందరో తండ్రులు పిల్లల ముందు పాడటం మానుకున్నారు. భజనలో తాళం వేసే తాత పక్కన కూర్చోబెట్టడానికి బదులు పిల్లలను టీవీ ముందు కూర్చోబెట్టడం అలవాటైంది. సూరయ్య పాట కూడా ఆనాటి కొలతల ప్రకారం చిన్నదే. ఆయన దానిని దాచుకోలేదు, బిడ్డను ఎత్తుకుని ఊరందరి మధ్యకు తీసుకువెళ్ళారు.

కందకుర్తి సంగమంలో మంజీర, హరిద్రలు గోదావరిలో కలిశాక వాటి పేర్లు వినిపించవు. నీరు మాత్రం నదిలో సాగుతూనే ఉంటుంది. తెల్లవారుజామున గుడి మైకు నుంచి గీత వినిపించినప్పుడు అందరికీ స్ఫురించే పేరు ఘంటసాలదే. ఆ గొంతులో సూరయ్య మృదంగం కూడా ఉన్నది.